కాలువ మీది బండ

సోమవారం పొద్దున్నే మా అవ్వ వీరభద్రస్వామి గుడికి బయల్దేరుతుంది. ఆమె నడిచేది రోడ్డు మీద కాదు, పక్కన మురుగుకాలువ మీద పరిచిన నాపబండల మీద. కింద డొల్ల కాబట్టి చేతికర్ర తగిలినప్పుడల్లా బండ గుల్లగా మోగుతుంది. ఆ చప్పుడు వినబడినంతసేపూ ఆమెకు ధైర్యం. వినబడలేదంటే అక్కడ బండ లేదని, ఆగాలని. ఎనభై దాటిన మనిషి ఇట్లా చెవితో దారి వెతుక్కుంటూ నడుస్తోందని చాన్నాళ్లు నాకు తెలీదు. ఆమె పడిపోయినాక తెలిసింది.

పోయినేడు శ్రావణమాసం, సాయంత్రం. వెనక నుంచి ఆటో గట్టిగా హారన్ కొట్టింది. ఆ మోతలో కర్ర చప్పుడు మునిగిపోయింది. పూడిక తీయడానికి లేపిన బండ ఒకటి గోడకు ఆనించి ఉంది, లేపిన చోటు నోరు తెరుచుకుని ఉంది. కాలు మోకాటి దాకా దిగబడింది, మణికట్టు విరిగింది. పరిగెత్తుకొచ్చి లేపింది ఎదురుగా టీ అంగడి పెట్టుకున్నాయన. లేపుతూనే మందలించాడు.

"రోడ్డు మీదికి దిగి పోకూడదా అవ్వా?"

"రోడ్డు మీద పోతే బండోళ్లు తిడ్తారు. కాలవ మీద పోతే కాలవ మింగుతాంది. నేను యాడ నడవాల నాయనా?"

ఆమె అడిగింది ఆయన్ని. జవాబు మాత్రం ఇన్ని నెలలుగా నేను వెతుక్కుంటున్నాను.

పూడిక తీసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఎండలో, ఆ కంపులో దిగి పనిచేసేవాళ్లకు ఇద్దరు మనుషులు గడ్డపార వేస్తే తప్ప లేవని బండను పదిసార్లు లేపి పదిసార్లు మూయమనడం అన్యాయం. తీసిన బురద ఆరేదాకా గట్టునే పోస్తారు, దాన్ని ఎత్తుకుపోయే బండి మరెప్పుడో వస్తుంది. అప్పటికి బండ సంగతి ఎవరికీ గుర్తుండదు. పది బండలకు ఒకటి చొప్పున ఇనుప కడియం బిగించిన చిన్న మూత పెడితే ఒక్క మనిషి లేపగలడు, ఒక్క మనిషి మూయగలడు. మిగతా తొమ్మిదీ కదలనక్కర్లేదు. ఎర్రగుంట్ల వైపు గనుల్లో పొరలు పొరలుగా ఊడివచ్చే ఈ రాయి దేశమంతా పోతుంది. బొంబాయిలో, కేరళలో వంటింటి గట్టుకు వేసుకుని దాన్ని మన కడప పేరుతోనే 'కడప్పా' అంటారు. రాయి పుట్టిన సీమలో ఒక ముసలామె కాలు పెట్టడానికి ఆ రాయి ఒకటి తక్కువ కావడం నాకు మింగుడు పడదు.

అవ్వ చెయ్యి కట్టు విప్పేదాకా గుడికి నేనే వెంట పోయాను. అప్పుడు తెలిసింది, బండ లేకపోవడం ఒక్కటే కాదు. ఒక అంగడివాళ్లు గుమ్మం ముందు మూడు మెట్లు కట్టారు, పక్కవాళ్లు మోటారుసైకిల్ ఎక్కడానికి సిమెంటు వాలు పోశారు, ఆ పక్కన జనరేటరు. ఎక్కడం, దిగడం, చుట్టూ తిరగడం. నాలుగు అంగళ్లు దాటేసరికి ఆమెకు ఆయాసం. ఐదో అంగడి దగ్గర రోడ్డు మీదికి దిగక తప్పదు. దేశంలో రోడ్లకు కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది: ఇళ్ల మధ్య కాలిబాట అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. 15 సెంటీమీటర్లంటే జానెడు కూడా కాదు. మా అవ్వ మోకాళ్లను చూసి రాసినట్టే ఉంది.

మా రాయచోటి నడిచేవాళ్ల ఊరు. గాలివీడు, లక్కిరెడ్డిపల్లె, సంబేపల్లె, చిన్నమండెం నుంచి వచ్చినవాళ్లు బస్సు దిగి ఆసుపత్రికో, బట్టలంగడికో, విత్తనాలకో కాళ్ల మీదే పోతారు. 2022 ఏప్రిల్ 4న ఊరు అన్నమయ్య జిల్లా కేంద్రమైనప్పుడు ఆఫీసుల కోసం వచ్చే జనం ఇంకా పెరిగారు. కువైట్ నుంచి పిల్లలు పంపిన డబ్బుతో బండ్లు కొన్నవాళ్లూ పెరిగారు. దాన్ని నేను తప్పనను, కష్టపడి కొనుక్కున్న బండి అది. కానీ వీధి మాత్రం అంతే వెడల్పు. బండికి చోటు కావలసి వచ్చినప్పుడల్లా నడిచే మనిషి చోటులోంచే కోసిచ్చాం. 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయిన కాలినడకవాళ్లు 32,825 మంది. రోజుకు దాదాపు 90 మంది. 2025 మే 14న సుప్రీంకోర్టు అడ్డంకుల్లేని కాలిబాటను రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. మా అవ్వకు చదివి వినిపించాను. "కోర్టుకు ఇంత తెలిసిందే!" అని సంతోషపడింది.

ఇక ఎండ సంగతి. చలిదేశాల వీధుల బొమ్మలు చూసి మనం కాలిబాట అంటే పేర్చిన పలకలు అనుకుంటాం. ఏప్రిల్, మేలలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో నీడ లేని కాలిబాట మధ్యాహ్నానికి పెనమవుతుంది. నల్లటి నాపరాయి మరీ కాలుతుంది. మా చిన్నప్పుడు రోడ్ల వెంట వేపలు, చింతలు ఉండేవి. వెడల్పు చేసిన ప్రతిసారీ ముందు పోయింది అవే. మళ్లీ పెట్టాలంటే వేపా, కానుగా చాలు. మొదటి రెండు మూడు వేసవులు నీళ్లు పోసి, మేకలు తినకుండా కంచె కడితే ఆ తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. మొదలు చుట్టూ సిమెంటు పోయకుండా గజం మట్టి వదలాలి. నన్నడిగితే మొదటి రూపాయి చెట్టుకు పెట్టమంటాను. రెండోది బండకు.

సైకిల్‌ది వేరే బాధ. ప్రభుత్వ బడుల్లో హైస్కూలు చదివే ఆడపిల్లలకు 'బడికొస్తా' పథకం కింద సైకిళ్లిచ్చారు. మంచి పని. బీహారులో 2006లో ఇట్లాంటి పథకమే మొదలైతే, తర్వాత లెక్క తీసిన ఆర్థికవేత్తలు హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేల్చారు. మన పిల్లలూ తొక్కుతారు, ఊరి అంచు దాకా. బంగ్లా సర్కిల్ దగ్గరికొచ్చేసరికి దిగి, చెయ్యి పట్టి నడిపించుకుంటూ పోయే పిల్లల్ని నేను చూశాను. కర్నూలు నుంచి కడప మీదుగా చిత్తూరు పోయే 40వ జాతీయ రహదారి ఊరిది. ఆ లారీల పక్కన పద్నాలుగేళ్ల పిల్ల సైకిల్ ఎట్లా తొక్కుతుంది? సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణం పోయే ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తిప్పి చదివితే, వేగం కొంచెం తగ్గినా పిల్లలు దక్కుతారు. నెదర్లాండ్స్ వాళ్లు పుట్టుకతో సైకిల్ మనుషులని అనుకుంటాం గానీ, 1971లో ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద పోతే 'పిల్లల హత్య ఆపండి' అని జనం వీధుల్లోకొచ్చారు. ఇవాళ్టి వాళ్ల సైకిల్ దారుల వెనక ఆ ఏడుపుంది.

ఇవన్నీ మాట్లాడితే మొదట తోపుడుబండ్లు తీసేయమంటారు. నేను ఒప్పుకోను. రాత్రి ఎనిమిదింటికి బజారులో ఆడవాళ్లు ధైర్యంగా నడుస్తున్నారంటే ఆ బండ్ల దీపాల వల్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకూ చోటిచ్చింది, ఆ చోటు గీత గీసి చూపించాలి. వీధిలోకి బండ్లు రాకపోతే బేరాలు పోతాయని అంగళ్లవాళ్లు భయపడతారు. మద్రాసు పాండీబజారులోనూ ఆ భయం ఉండింది. 2019లో అక్కడ కాలిబాటలు వెడల్పు చేశారు, జనం కుటుంబాలతో వచ్చి కూర్చుంటున్నారు. అంత దూరం ఎందుకు, రంజాన్ నెల రాత్రుళ్లు మన బజారే చూడండి. మనుషుల మధ్య బండి తనంతట తానే నెమ్మదిస్తుంది. బేరాలు ఎక్కువయ్యేవీ ఆ రోజుల్లోనే. వీరభద్రస్వామి రథం కదిలే రోజు ఎవరూ చెప్పకుండానే వీధి ఖాళీ అవుతుంది. మెట్లకు ఆనించిన మోటారుసైకిళ్లు సందుల్లోకి పోతాయి. దేవుడికి ఇచ్చే దారిలో రెండడుగులు రోజూ మనిషికి ఇవ్వడం ఈ ఊరికి చేతగాని పని కాదు.

మొన్న ఆదివారం టీ అంగడాయనా, నేనూ, పక్కింటి పిల్లలిద్దరూ కలిసి ఆ బండను కాలువ మీదికి జరిపాం. గోడకు ఆని ఇన్నాళ్లూ అట్లాగే ఉంది. గంట పట్టింది. సోమవారం పొద్దున అవ్వ వచ్చి కర్రతో రెండుసార్లు కొట్టి విన్నది. ఒక కాలు పెట్టి బరువు ఆనించింది, వెనక్కి తీసుకుంది.

"కదుల్తాంది. ఆ మూలకు చిన్న రాయి పెట్టండి."

పిల్లోడు రాయి కోసం పరిగెత్తాడు.