జాడీ పగిలాక

సెప్టెంబర్ 14, 2024. సింగ్ నగర్

బుడమేరు వరద నీళ్లు తీశాయి. గోడ మీద నా ఛాతీ ఎత్తున మరక. వంటింట్లో అమ్మ కాలం నాటి ఆవకాయ జాడీ నిలువునా పగిలింది. పెంకులు తీస్తే లోపలి ఒండ్రు జాడీ ఆకారంలోనే నిలబడి ఉంది. సారె మీద కుమ్మరి వేళ్లు తిరిగిన గాడులు జాడీ లోపలి గోడకు ఉండేవని ఇన్నేళ్లలో నాకు తెలియదు. ఇప్పుడవి బురద మీద ఉబ్బెత్తు గీతలై కనిపిస్తున్నాయి.

ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పాను. ఎండోకాస్ట్, అంటే బోలు లోపలి అచ్చు, అన్న మాటకు ఇంత తేటగా కళ్లకు కట్టే ఉదాహరణ ఒక్కనాడూ చూపించలేకపోయాను. దాన్ని పళ్లెంలో పెట్టి కిటికీ దగ్గర ఉంచాను.

సెప్టెంబర్ 17

జాడీ బదులు పుర్రె అనుకోవాలి. జంతువు చచ్చాక మెదడు త్వరగా కుళ్లిపోతుంది. వెన్నుపాము దిగే పెద్ద రంధ్రం గుండా బురద లోపలికి చేరి రాయవుతుంది. ఎముక ఎప్పటికో రాలిపోయినా మెదడు ఆకారపు రాయి మిగులుతుంది. దక్షిణాఫ్రికాలోని టాంగ్‌లో దొరికిన పసిబిడ్డ పుర్రె 1924లో శాస్త్రవేత్త రేమండ్ డార్ట్ చేతికి వచ్చినప్పుడు, ఆయన ముందు గుర్తుపట్టింది ముఖాన్ని కాదు, అలాంటి రాతి మెదడునే.

పక్కింటి పాప అడిగింది: "తాతయ్యా, ఆ రాయిని చూస్తే అది ఏం ఆలోచించేదో తెలుస్తుందా?" తెలియదమ్మా అన్నాను. వాసన మీద బతికిందా, చూపు మీద బతికిందా అన్నది మాత్రం కొంత తెలుస్తుంది. పాపకు నా జవాబు చాలలేదు. నాకూ చాలదు.

సెప్టెంబర్ 22

టిల్లీ ఎడింగర్. ఫ్రాంక్‌ఫర్ట్ మనిషి. తండ్రి లుడ్విగ్ పేరున్న నరాల శాస్త్రవేత్త. ఆమె నోథోసారస్ అనే సముద్ర సరీసృపం మీద పరిశోధన చేసి, 1929లో శిలాజ మెదళ్ల మీద పెద్ద గ్రంథం తెచ్చింది. అంతవరకు బతికున్న జంతువుల మెదళ్లను మెట్ల వరుసగా పేర్చి అదే చరిత్ర అనుకునేవారు. ఏ మెదడు ఏ కాలపు రాతిలో ఉందో చూడకుండా చరిత్ర చెప్పకూడదన్నది ఆమె పట్టు. యూదురాలు కావడంతో 1939లో దేశం విడిచి, మరుసటి ఏడు హార్వర్డ్ చేరింది. 1948లో గుర్రపు మెదడు పరిణామం మీద పుస్తకం. అప్పటికి చెవులు సరిగా వినపడేవి కావు. ఇలాంటి మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేకపోవడం నాకు బాధ.

సెప్టెంబర్ 26

రాతి మెదడును నమ్మడంలోనూ ఒక లెక్క ఉంది. మేక మెదడు పుర్రెకు లేత కొబ్బరిలా అంటుకుని ఉంటుంది, మడతలు కూడా ఎముక మీద అచ్చు పడతాయి. మొసలిది కురిడీ కాయ. చిప్పలో గుండు వదులుగా కదిలినట్టు మెదడు చుట్టూ ఖాళీ ఉంటుంది. కాబట్టి చాలా డైనోసార్ల అచ్చులు మెదడు కంటే పెద్దవి. అచ్చు కొలిచి అదే మెదడు అంటే తప్పు.

అక్టోబర్ 6

ఈ రాత్రి రంగారావు గారి కోసం.

ఎ. రంగారావు ఓఎన్‌జీసీలో భూగర్భ శాస్త్రవేత్త. జమ్మూ కొండల్లో కాలాకోట్ దగ్గర రాళ్లు ఏరి, కొన్ని పళ్లూ దవడ ముక్కలూ పట్టుకుని 1971లో ఇండోహ్యూస్ అనే చిన్న గిట్టల జంతువుకు పేరు పెట్టారు. తెచ్చిన రాళ్లన్నీ విప్పి చూడకముందే కన్నుమూశారు. ఆయన భార్య ఆ రాళ్లను డెహ్రాడూన్‌లో ఏళ్ల తరబడి దాచి, చివరికి ఒహాయోలో ఉండే శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థెవిసెన్‌కు అప్పగించారు. అక్కడ సహాయకుడు రాతిలోంచి పుర్రెను విడదీస్తుంటే పొరపాటున చెవి ఎముక విరిగింది. విరిగిన చోట లోపలి అంచు చాలా మందంగా ఉంది. అలాంటి చెవి తిమింగలాల వంశానికి తప్ప లేదనుకునేవారు అప్పటిదాకా. 2007 డిసెంబర్‌లో నేచర్ పత్రికలో ప్రకటించారు: పిల్లి అంత ఉండే ఈ జంతువు తిమింగలాలకు అతి దగ్గరి చుట్టం.

2021లో మేవా ఓర్లియాక్, థెవిసెన్ దాని మెదడు అచ్చును వివరించారు. ఇప్పుడు పగలగొట్టనక్కర్లేదు, స్కానింగ్‌తో లోపలి ఖాళీని కంప్యూటర్‌లో నింపుతారు. వాసన పట్టే ఘ్రాణ లంబికలు పొడవాటి కాడల చివర ఉన్నాయి. అనుమస్తిష్కం చుట్టూ రక్తనాళాల అల్లిక. ఈ రెండూ తొలి తిమింగలాల్లో కనిపించే గుర్తులే. నాలుగున్నర కోట్ల ఏళ్లు దాటిన సంగతి.

ఇండోహ్యూస్ చేరే జీవ కుటుంబం పేరు రావొయెల్లిడే, అందులోని రావు ఈయనే. మన వీధికొక రంగారావు ఉంటాడు. ఆ రావు తిమింగలాల ఇంటి గుమ్మంలో నిలబడ్డాడని తలుచుకుంటే ఒళ్లు పులకరించింది. రాళ్లు పారేయకుండా దాచిన ఆ ఇల్లాలికి చేతులెత్తి మొక్కాలి.

అక్టోబర్ 20

మటన్ కొట్టులో మేక తలకాయ అడిగాను, కొట్టకుండా ఇమ్మని. "కొట్టకపోతే భేజా ఎట్లా వస్తుంది మాస్టారూ?" అన్నాడు. ఖాళీయే కావాలి భాయ్ అన్నాను. కాసేపు నన్నే చూసి, డబ్బు తగ్గించి తీసుకున్నాడు.

అక్టోబర్ 23

ఉడికించి, తీగతో నీళ్లతో లోపల శుభ్రం చేశాను. ముందు ఆవాలు పోసి కొలిచాను: 120 మిల్లీలీటర్లు దాటింది. 1830ల్లో ఫిలడెల్ఫియాలో శామ్యూల్ మోర్టన్ మనుషుల పుర్రెల్లో ఇలాగే గింజలు పోసి, జాతులకు ఎక్కువ తక్కువలు కట్టాడు. అది గుర్తొచ్చి చేతిలో ఆవాలు బరువెక్కాయి.

నవంబర్ 3

నరాలు బయటికొచ్చే బెజ్జాలన్నీ జాడీ ఒండ్రు తడిపి మూశాను. చవితి విగ్రహాలు చేసే కుర్రాడు అచ్చులకు వాడే రబ్బరు పాలు ఇచ్చాడు. కొంచెం పోసి, పుర్రెను అటూ ఇటూ తిప్పి, ఆరనిచ్చి, మళ్లీ పోసి... వారం పట్టింది. ఇవాళ పెద్ద రంధ్రం గుండా లాగితే ముడుచుకుని బయటికొచ్చి, గాలి పోసుకుని విచ్చుకుంది. మడతలు, రక్తనాళాల గీతలు, ముందు రెండు బుడిపెలు. పాప దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు.

నవంబర్ 15. హంసలదీవి

కార్తీక పౌర్ణమి స్నానాలు. కృష్ణ సముద్రంలో కలిసే చోట నీళ్ల రంగు రెండుగా ఉంది. ఎండు చేపల వాసన, ఉప్పు గాలి. అదే నీళ్లలో తిరిగే డాల్ఫిన్‌కు ఈ వాసన అందదు, ఘ్రాణ లంబికలు దాని వంశం ఎప్పుడో వదులుకుంది. సంచీలో చేయి పెట్టి రబ్బరు మెదడు ముందు కొసను తడిమాను. రెండు చిన్న బుడిపెలు.