మూతపడిన కర్మాగారాల బొమ్మరైళ్లు – ఒక వైద్యుని సూచనలు



పదవీ విరమణ అనంతరం మనసును చురుకుగా ఉంచే వ్యాపకం ఒకటి అవసరమని లోగడ రాశాను. మీ వ్యాపకం ఏమిటని కొందరు అడిగారు. ఇంగ్లండులోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడల్లా అక్కడి పాతవస్తువుల సంతలలో బొమ్మరైళ్లు సేకరించడమే నా వ్యాపకం. అవి కూడా నేడు లేని కర్మాగారంలో తయారైనవే.

లివర్‌పూల్ నగరంలోని మెకానో సంస్థ 1938లో ‘హార్న్‌బీ డబ్లో’ పేరిట చిన్న రైళ్లను విడుదల చేసింది. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు మాత్రమే. సంస్థాపకుడు ఫ్రాంక్ హార్న్‌బీ అప్పటికే, 1936లో, కన్నుమూశారు. 1964లో సంస్థ లైన్స్ బ్రదర్స్ వశమైంది. 1971లో లైన్స్ బ్రదర్స్ కూలిపోయింది. 1979లో బిన్స్ రోడ్డు కర్మాగారం మూతపడింది. హార్న్‌బీ పేరు అంగళ్లలో నేటికీ ఉన్నది గాని, ఆ పాత బండ్లకు విడిభాగం కావాలంటే సాధారణంగా మరొక పాత బండిని వెదకవలసిందే.

ఈ బండ్లకూ వ్యాధులున్నాయి. యుద్ధానికి పూర్వపు జింకు మిశ్రమలోహంలో సీసం వంటి మలినాలు లేశమాత్రం కలిసినా, కాలక్రమంలో లోహం ఉబ్బి, బీటలు వారి, పొడిగా రాలుతుంది. తేమ, వేడిమి దీనిని త్వరపరుస్తాయి. ఇది అంటువ్యాధి అని కొందరు సేకర్తలు భయపడతారు. కాదు, ఇది పుట్టుకతో వచ్చిన లోపం. పక్కనున్న బండికి సోకదు. అయితే చికిత్స కూడా లేదు.

మనుషులకు ముప్పు మరొకటి ఉన్నది. ఆ కాలపు రంగులలో సీసం విరివిగా వాడేవారు. “మామయ్యగారూ, వీటిని బాబు ముట్టుకోవచ్చునా?” అని మా అల్లుడు అడిగాడు. మనుమనికి మూడేళ్లు, చేతికందినదల్లా నోటిలో పెట్టుకునే అలవాటు ఇంకా పోలేదు. వద్దని చెప్పడం తాతగా నాకు కష్టమే అయినా, వద్దనే చెప్పాను. కడుపులోకి పోయిన సీసాన్ని పిల్లల శరీరం పెద్దలకంటే నాలుగైదు రెట్లు అధికంగా గ్రహిస్తుంది. అది ఎముకలలో నిలువ ఉంటుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. పైకి లక్షణాలు కనబడకపోవచ్చు, రక్తపరీక్షతోనే తెలుస్తుంది.

కనుక పాత బొమ్మలు సేకరించేవారికి నా మనవి: పాత రంగును ఉప్పుకాగితంతో పొడిగా రుద్దకండి. దుమ్మును తడిగుడ్డతో తుడవండి. భోజనాల బల్లపై మరమ్మతులు చేయకండి. పని ముగియగానే సబ్బుతో చేతులు కడుక్కోండి. పాత ట్రాన్స్‌ఫార్మరు తీగలపై రబ్బరు తొడుగు పెళుసుబారి ఉంటుంది. ఎలక్ట్రీషియనుకు చూపనిదే ప్లగ్గు పెట్టకండి. పట్టాలు శుభ్రపరచడానికి పూర్వం వాడిన కార్బన్ టెట్రాక్లోరైడు కాలేయానికీ మూత్రపిండాలకూ విషం; పాత సీసా దొరికినా మూత తీయకండి.

మన దేశంలోనూ ఇంటి రంగులలో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధన 2017 నుండే అమలులోకి వచ్చింది. కాబట్టి మీ అటక మీది పాత రంగుబొమ్మలకూ ఈ జాగ్రత్తలు వర్తిస్తాయి.

నా బండ్లు ఇప్పుడు తాళం వేసిన అద్దాల బీరువాలో ఉన్నాయి. మనుమనికి కొత్త చెక్కరైలు కొన్నాను. రెండింటినీ పక్కపక్కన కూర్చుని చూస్తున్నాము.