అగళికి వెళ్ళొచ్చాను

మా చెల్లెల్ని ఇచ్చింది అగళి దగ్గర ఒక పల్లెలో. ధర్మవరం నుంచి అదేమంత దూరం కాదు గానీ, రైల్లో పెనుకొండ మీదుగా హిందూపురం, అక్కణ్ణించి బస్సులో మడకశిర, మళ్ళీ ఇంకో బస్సు మారి అగళి చేరేసరికి ఒక పూట గడిచిపోతుంది. ఇల్లూ వంటా వదిలి నేను కదిలేదే తక్కువ. మొన్న మార్చిలో మరిది ఫోను చేసి, "వదినా, ఒకసారి వచ్చి మీ చెల్లెలికి నాలుగు మాటలు చెప్పి పో. నా మాట వినేట్టు లేదు" అన్నాడు. ఇంక తప్పుతుందా, బయల్దేరాను.

సంగతేమంటే, వాళ్ళ వక్కతోటలో ఉన్న రెండు బోర్లలో ఒకటి పూర్తిగా ఎండిపోయింది. రెండోది గంట పోసి గంట ఆగుతోంది. కొత్త బోరుకు డబ్బు కావాలి. ఇంట్లో ఉన్నవి రెండావులు, ముప్పై గొర్రెలు. అవి అమ్మేద్దామని మరిది, అమ్మేది లేదని చెల్లెలు.

పాత అనంతపురం జిల్లా సంగతి మీకు తెలిసిందే. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో ఇదొకటి. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి వానల్ని పడమటి కనుమలు అక్కడే దింపుకుంటాయి, ఈశాన్యం వానలకు మేము సముద్రానికి దూరమైపోయాం. 2022 ఏప్రిల్ నుంచి అగళి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా మబ్బు మారలేదు లెండి.

అలాంటి చోట బస్సు దిగగానే వక్కతోటలు కనిపిస్తే కొత్తవాళ్ళు కళ్ళు నులుముకుంటారు. అవతల సిరా, తుమకూరు కర్ణాటకలో ఉన్నాయి కదా, ఆ సేద్యమే ఇటు వచ్చింది. మాట కూడా అంతే. బస్సులో నా పక్కనామె టికెట్టు తెలుగులో అడిగి, కూతురితో కన్నడంలో మాట్లాడింది. నన్ను కూడా "ఎల్లిగె హోగ్తీరక్కా" అంది. నేను తెలుగులో జవాబు చెప్పాను, ఇద్దరికీ అర్థమైంది.

ఆ రాత్రి రాగిముద్ద, బస్సారు. మన పాఠకురాళ్ళలో తెలియని వాళ్ళుంటే చెబుతాను. కందిపప్పు, ఏదైనా ఆకుకూర కలిపి ఉడికించి, ఆ నీళ్ళు వంపేసుకోవాలి. వేయించిన ఉల్లిపాయ, వెల్లుల్లి, ఎండుమిరప, కొబ్బరి, చింతపండు, ఉడికిన పప్పు ఒక గుప్పెడు వేసి నూరి, వంపిన నీళ్ళలో కలిపి మరగబెడితే బస్సారు. మిగిలిన ఆకూపప్పూ పోపు పెడితే పక్కన కూర. ఒక్క కుండలో రెండు వంటలు, నీళ్ళ చుక్క పారబోసేది లేదు. నీళ్ళకు కరువున్న ఊళ్ళో పుట్టిన వంట ఇలాగే ఉంటుంది మరి.

మర్నాడు చింతపండు గింజలు తీస్తూ అరుగు మీద కూర్చున్నాం. నేను అనాల్సిన మాట నోట్లోనే పెట్టుకుని, "ఇన్ని గొర్రెలతో నీకెందుకే ఈ చాకిరీ" అన్నాను. కొడుకు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి పనికి పోతున్నాడు, మంద వెంట తిరిగేది ఇదే.

"అక్కా, చెట్టుకు నీళ్ళు లేకుంటే నిలబడిన తావులోనే చచ్చిపోతాది. గొర్రెకు కాళ్ళుండాయి. నీళ్ళుండే తావుకు తోలుకొని పోవచ్చు" అంది.

ఆ తర్వాత లెక్క చెప్పింది. ఇంట్లో బియ్యం, నూనె పాలడబ్బుల్లోంచే. మందను పక్కవాళ్ళ చేలో నాలుగు రాత్రులు ఆపితే ఎరువుకని వాళ్ళే డబ్బులిస్తారు. రాగులు మనకు, రాగిగడ్డి ఆవులకు. శెనక్కాయ పంట ఊడలు దిగే వేళకు వాన లేక పోయినా, ఆ కట్టె మేతకు పనికొస్తుంది. అలాగని అన్నీ లాభాలేనా అంటే కాదు. సంకర ఆవు ఎండాకాలంలో రోజుకు ఆరేడు బిందెల నీళ్ళు తాగేస్తుంది. పోయిన వానల్లో నీలినాలుక రోగం వచ్చి ఐదు గొర్రెలు పోయాయి. టీకాకు చెల్లెలు ఒక్క వారం ఆలస్యం చేసిందట. ఆ మాట చెప్పేటప్పుడు దాని చేతిలో చింతపండు అలాగే ఆగిపోయింది.

మధ్యాహ్నం మరిది నన్ను తోటకు తీసుకెళ్ళాడు. నేను పూర్తిగా చెల్లెలి పక్షం అయిపోతున్నానని తెలిసినట్టుంది. వక్క కాపుకు రావడానికే ఆరేడేళ్ళు. అన్నేళ్ళు పెంచి, రెండే రెండు కాపులు కోసుకున్నాడు. చివరి వరసల్లో మట్టలు పసుపెక్కి వేలాడుతున్నాయి. "పిల్లోళ్ళ మాదిరి పెంచినా వదినా" అన్నాడు. మొదటి బోరు 450 అడుగులకే పడింది, రెండోది 900 దాకా పోయింది. "మూడోది ఎంత దాకా పోతుంది నాయనా?" అని అడిగాను. చెట్టు మొదట్లో మట్టి తీసి నలిపి చూశాడు గానీ జవాబు చెప్పలేదు.

ఆ రాత్రి వాళ్ళత్తగారే తెగ్గొట్టింది. తోటలో సగానికి ఉన్న బోరుతో బిందు సేద్యం, మిగతా సగం వదిలేసి వానొస్తే రాగి, అనప చల్లుకోవాలి. బక్రీదుకు పొట్టేళ్ళు నాలుగు అమ్మి ఆ డబ్బు పైపులకు పెట్టాలి. ఆడగొర్రెలూ ఆవులూ కదలకూడదు. మరిది ముద్ద మీద చెయ్యి పెట్టుకుని కాసేపు తినలేదు. సగం తోటంటే మాటలా! చెల్లెలు ఇంకో గరిటె సారు పోసింది, ఏమీ అనలేదు.

పొద్దున్నే బస్సు దగ్గర మరిది నా సంచిలో చింతపండు ఉండ పెడుతూ, "ఏం చెప్పినావొదినా దానికి?" అన్నాడు.

"నేనేం చెప్పలేదు నాయనా" అన్నాను.

"అదే అనుకున్నా" అని నవ్వాడు. బస్సు కదిలేసరికి తోట వైపే నడుస్తున్నాడు.