సూది మీద పడ్డ నింద

మాది పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరు. మా అమ్మా నాయినా ఇద్దరూ బట్టీల కాడ రాయి మోసినోళ్లే. పొద్దుగూకి ఇంటికొచ్చేసరికి వాళ్ల కనురెప్పల మీద కూడా సున్నం పేరుకుని ఉండేది. "ఒళ్లు తెల్లబడింది గానీ బతుకు తెల్లబడలా" అని మా నాయిన నవ్వేవాడు.

నేను పదో తరగతి పాసై మా మాదిగపల్లెలోనే అంగన్‌వాడీ టీచర్నయ్యాను. టీకాల రోజున ఇల్లిల్లూ తిరిగి తల్లుల్ని పిలుచుకురావడం నా పని. నర్సమ్మ సూది వేస్తుంటే ఏడ్చే బిడ్డని నేను పట్టుకునేదాన్ని.

2011లో నాకు కొడుకు పుట్టాడు. ఏడాదిన్నర దాటాక, 2013లో, కంఠసర్పి, కోరింతదగ్గు, ధనుర్వాతం మూడిటికీ కలిపి వేసే సూది వేయించాను. వాణ్ణి పట్టుకుంది కూడా నేనే. ఆ రాత్రి జొరం కాసింది. రెండ్రోజులకి తగ్గింది. ఆ నెల్లోనే వాడికున్న రెండు మాటలూ, "అమ్మ", "తాత", పోయినయ్. పిలిస్తే తిరిగి చూడడు. మంచం కోడు పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగుతుంటాడు.

"కడుపుతో ఉండి గ్రహణం నాడు బయట తిరిగింది, అందుకే" అంది మా అత్త. "ఊరి పిల్లల్ని చూసుకుంటా సొంత బిడ్డని వదిలేసింది" అన్నారు వాడలో. ఎటు తిరిగీ తప్పు నాదే. తర్వాత తెలిసింది, 1950ల్లో అమెరికాలోనూ తల్లి ప్రేమ చాలకే పిల్లలు ఇట్టా అవుతారని పెద్ద పెద్ద డాక్టర్లే రాశారంట. మా అత్త చదువుకోలేదు. వాళ్లు చదువుకున్నారు. అంతే తేడా.

అప్పుడు ఒక ప్రైవేటు డాక్టరు చెప్పాడు. "ఆ సర్కారు సూదిలో పాదరసం ఉంటదమ్మా. దానివల్లే" అని. నిజం చెబుతున్నా, ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు, సూదిది.

2017 ఆగస్టులో మన రాష్ట్రంలో తట్టు, రుబెల్లా టీకా మొదలుపెట్టారు. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ వేయాలి. నేను ఇల్లిల్లూ తిరిగాను గానీ నోట మాట లేకుండా తిరిగాను. మా తమ్ముడి భార్య అడిగింది, "వదినా, పాపకి ఏయించమంటావా?" అని. "నీ ఇష్టం" అన్నాను. రిజిస్టర్లో ఆ పాప పేరుకి ఎదురుగా "ఊళ్లో లేదు" అని రాశాను. నా కొడుక్కీ వేయించలేదు.

మరుసటేడు ఆ పాపకి తట్టు వచ్చింది. ఊపిరితిత్తులకి నెమ్ము పట్టింది. గుంటూరులో ఆక్సిజన్ పెట్టి పదకొండు రోజులు ఉంచారు. బతికింది. చీము కారీ కారీ కుడి చెవి వినపడకుండా పోయింది. మా తమ్ముడు నన్ను ఒక్క మాటనలేదు. అన్నా బాగుండేది.

2019లో కొడుకుని తీసుకుని పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదు పోయాను. అక్కడ మనోవికాస్ నగర్‌లో ఇట్టాంటి పిల్లల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. అక్కడి మేడమ్ గంటసేపు నన్ను కూర్చోబెట్టి మాట్లాడింది. మాలాంటోళ్లని గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడిన డాక్టర్ని అంతకుముందు నేను చూళ్లేదు. "సూదికి ముందు పిలిస్తే చూసేవాడా? ఏదన్నా కావాలంటే వేలు పెట్టి చూపించేవాడా?" అనడిగింది. మొదటి పుట్టినరోజు ఫోటో గుర్తొచ్చింది. అందరం కెమెరా వంక చూస్తున్నాం. వాడొక్కడే పైన తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు. అది సూదికి ఆరునెల్ల ముందు ఫోటో.

"ఈ లక్షణాలు బయటపడే వయసూ, ఆ సూదులు వేసే వయసూ ఒకటేనమ్మా. అందుకే అట్టా అనిపిస్తది" అంది.

ఆ తర్వాత కనపడ్డవాళ్లనల్లా అడిగి తెలుసుకున్నాను. ఆ డాక్టరు చెప్పిన పాదరసం పేరు థయోమెర్సాల్. ఒక్క సీసాలోంచి పదిమంది పిల్లలకి మందు తీసేటప్పుడు అందులో క్రిములు పెరక్కుండా వేసే మందు. తలకో సీసా అయితే ఖర్చెక్కువ, ఐసుపెట్టెల్లో చోటూ చాలదు. అందులో ఉండేది ఈథైల్ పాదరసం. చేపల్లో చేరి మనుషుల్ని పాడుచేసేది మిథైల్ పాదరసం. పేర్లు దగ్గరే, గుణం వేరు. మామూలు సారాలో ఉండేది ఈథైల్, కళ్లు పోగొట్టే కల్తీ సారాలో ఉండేది మిథైల్. ఆ తేడా మా వాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఈథైల్ పాదరసం ఒంట్లోంచి తొందరగా పోతుంది. డెన్మార్క్‌లో 1992లోనే దాన్ని తీసేశారు. అమెరికాలో 1999లో తీసెయ్యమన్నారు, 2001కల్లా చిన్నపిల్లల మామూలు టీకాల్లోంచి పోయింది. ఆటిజం మాత్రం రెండుచోట్లా తగ్గలేదు.

1998లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండు మంది పిల్లల్ని చూపించి, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి కలిపి వేసే టీకాని ఆటిజంతో ముడిపెట్టాడు. ఆ టీకాలో పాదరసమే ఉండదు. 2010లో ఆ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది, ఆయన డాక్టరుగిరీ కూడా పోయింది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లల లెక్క తీశారు. ఆ టీకాకీ ఆటిజానికీ సంబంధం లేదని తేలింది.

నా చిన్నప్పుడు ఊళ్లో ఒకాయన పొలంలో మోటారు పోయింది. ఆ రాత్రి బట్టీ నుంచి ఆ దారినే వచ్చాడని మా నాయిన్ని వేపచెట్టుకి కట్టేశారు. మూడోనాడు మోటారు ఆయన చుట్టాలింట్లోనే దొరికింది. ఎవరూ తప్పయిందన్లేదు. ఆ దారిన వచ్చినందుకే మా నాయిన దొంగైతే, ఆ నెల్లో ఒంట్లోకి వెళ్లినందుకే సూది దొంగైంది. విచారణ లేకుండా నింద మోస్తే ఎట్టా ఉంటదో తెలిసిన నేనే ఆ పని చేశాను. దానికి శిక్ష నా మేనకోడలు పడింది.

అట్టాగని మా భయం ఉత్తదే అంటే ఒప్పుకోను. 2009లో ఖమ్మం జిల్లాలో పదినుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకి, వాళ్లలో ఎక్కువమంది గిరిజన పిల్లలే, గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకాని పరిశోధన కోసం వేశారు. చాలామంది పిల్లల విషయంలో అమ్మానాన్నలకి చెప్పకుండా హాస్టలు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. ఆ పిల్లల్లో కొందరు చచ్చిపోయారు. చావులకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ 2010లో ఆ పని ఆపేయాల్సొచ్చింది. అడక్కుండా పొడవటం తప్పని 2013లో పార్లమెంటు సంఘం కూడా గట్టిగా చెప్పింది. టీకా మంచిదే కావొచ్చు. మమ్మల్ని మనుషులుగా ఎంచి చెప్పాలా వద్దా? చెప్పేవాళ్లు లేని చోటే పుకారు కాపురం పెడుతుంది.

నా బిడ్డకి అన్యాయం చేసింది సూది కాదు. రెండేళ్లప్పుడే మొదలుపెట్టాల్సిన శిక్షణ ఎనిమిదేళ్లకి అందింది. వాడికేమైందో చెప్పేవాళ్లు మా దరిదాపుల్లో లేకపోవడం అన్యాయం. ఇప్పుడు వాడు బొమ్మల కార్డు చూపించి నీళ్లడుగుతాడు. వాడికీ టీకాలన్నీ వేయించాను.

మా తమ్ముడింటికి పోయి ఆ రిజిస్టరు సంగతి చెప్పాను. మా మరదలు చాలాసేపు మాట్లాడలా. "ఇంకెవరి పిల్లకీ అట్టా రాయమాక వదినా" అంది.

బుధవారం టీకాల రోజు. ఇప్పుడు సీసా చేతికిచ్చి, లోపలేముందో, జొరం ఎందుకొస్తదో ప్రతి తల్లికీ చెబుతాను. "మరి నీ కొడుక్కి?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినప్పుడల్లా ఇదంతా చెబుతాను.