మల్కాజిగిరిలో మా పాత స్కూటరు

సికిందరాబాదునుండి బొల్లారమువైపు పోవు రైలుమార్గమున లాలాగూడ గేటు దాటగానే మల్కాజిగిరి స్టేషను వచ్చును. తరువాత దయానందనగరము, సఫిల్‌గూడ అను చిన్న స్టేషనులు. పట్టాలు పేట నడుమనుండి పోవుచుండుటచే ఒక వీధినుండి మరియొక వీధికి పోవలెనన్న వంతెన క్రిందనో, గేటువద్దనో ఆగవలసినదే. మా యిల్లు మీర్జాలగూడలోను, మా తల్లిగారి యిల్లు నేరేడ్‌మెట్టులోను ఉన్నవి. దూరము స్వల్పమే. కాని గత సంవత్సరము అమ్మ తుంటి విరిగి మంచమెక్కినది మొదలు ఉదయము సాయంకాలము అచటికి పోక తప్పలేదు. రెండు ఆటోలు మారి, అన్నపు గిన్నె ఒడిలో నుంచుకొని పోవునప్పటికి అన్నము చల్లారుచుండెను. ఒకనాడు మేము ఆలస్యముగా చేరునప్పటికి అమ్మ తానే లేవబోయి మంచముప్రక్కన జారిపడి యుండెను. ఆ రాత్రియే బండి కొనవలెనని నిశ్చయించుకొంటిమి.

క్రొత్త బండికి మాయొద్ద సొమ్ము లేదు. చిట్టి పాడగా వచ్చిన దానిలో ఇంటిఖర్చు పోను ఇరువదివేలు మిగిలెను. ఆనందబాగులో ఒక వృద్ధుడు తన బజాజు చేతకు స్కూటరును అమ్మజూపుచున్నాడని పాలవాడు చెప్పగా పోయి చూచితిమి. ఇటలీలో 1946లో పుట్టిన వెస్పాకు ఇది మనుమరాలు వంటిది. బజాజు వారు మొదట ఇటలీవారి అనుమతితో వెస్పాలను చేసి, ఆ ఒడంబడిక ముగిసిన పిమ్మట 1972లో రాణా ప్రతాపుని గుఱ్ఱము పేర చేతకును వెలువరించిరి. మా చిన్నతనమున నాన్నగారు అట్టి బండినే నడుపుచుండగా అమ్మ వెనుక ఒక ప్రక్కకు తిరిగి కూర్చుండెడిది. ముందు కూర్చుండు ఆలోచన ఆమెకు గాని, ఇతరులకు గాని వచ్చినట్లు మేమెరుగము.

బండి చూచుటలో మాకేమియు తెలియదు. నీలిరంగు నిగనిగలాడుచుండుటచే సంతోషించితిమి. వెంట వచ్చిన మెకానిక్కు మాత్రము రంగువైపు కన్నెత్తియైన చూడలేదు. ఇంజనుమీద చేయి వేసి, అది చల్లగా నున్నదని నిశ్చయించుకొని, అప్పుడు కిక్కు కొట్టెను. వేడిగా నున్న ఇంజను ఎంత పాతదైనను లేచునట! చల్లని ఇంజను రెండు మూడు కిక్కులకు లేచినచో నమ్మవచ్చును. తరువాత కాలిపలకను వ్రేలితో తట్టి తుప్పు వెదకెను, బరువు మోపి కిక్కును మెల్లగా నొక్కి లోపల బిగువున్నదో లేదో చూచెను. బిగువు లేనిచో పిస్టను అరిగిన దన్నమాట.

కాగితములు చూచునపుడు మరియొక సంగతి బయటపడెను. సొంతబండి రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. పిమ్మట బండిని పరీక్షకు చూపి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. ఈ బండికి ఆ గడువు తీరి నాలుగు నెలలయ్యెను. ముసలాయన నొచ్చుకొని, "నా పేరు మీదనే చేయించి ఇస్త బిడ్డా, అప్పటిదాక పైసలియ్యకు," అనెను. అన్నట్లే చేసెను. అనంతరము 29, 30 సంఖ్యల ఫారములమీద ఇరువురము సంతకములు చేసి బండిని మా పేర మార్పించుకొంటిమి. మార్పించక ఊరుకొన్నచో బండివలన కలుగు చిక్కులన్నియు పాత యజమాని మెడకు చుట్టుకొనును. కొన్నవారికి హక్కును నిలువదు. బేరము పదునారువేల అయిదువందలకు కుదిరెను. మిగిలినది బాగుచేతకని మూట గట్టితిమి. ఈ మూట కట్టుటయే మేము చేసిన తెలివైన పని.

ఇంజను రహస్యము వంటింటి స్త్రీకి తెలియనిది కాదు. ఇప్పటి బండ్లలో పిస్టను రెండుమార్లు పైకి, రెండుమార్లు క్రిందికి పోయినగాని ఒకమారు మంట పుట్టదు. దీనిలో ప్రతి పోటుకును మంటయే, రోకటిపోటుకు రోకటిపోటు. అందుచే దీనిని టూ-స్ట్రోకు అందురు. దీనికి వేరుగా ఇంజను నూనె పాత్ర లేదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయవలెను. లీటరుకు 20 మిల్లీలీటర్లు. హెచ్చినచో ప్లగ్గుకు మసి పట్టి, సైలెన్సరు పూడి, వీధియంతయు నీలిపొగ. తగ్గినచో పిస్టను బిగుసుకొనును. గేరుపెట్టె నూనె వేరు. దానికిని దీనికిని సంబంధము లేదు.

ఈ బండికి గొలుసు లేదు. పండ్లచక్రములే వెనుక చక్రమును త్రిప్పును. చీరకుచ్చెళ్లు గొలుసులో పడునను భయము లేదని మేము మురిసితిమి. పైట మాత్రము నడుమున బిగించుకొనక తప్పదు. గేర్లు నాలుగును ఎడమచేతి పిడిలోనే. క్లచ్చు నొక్కి మణికట్టు త్రిప్పవలెను. లైసెన్సులో గేరున్న బండికి, లేని బండికి భేదముండును గావున గేరున్నదానికే పరీక్షకు పోవలెను. తెల్లవారుజామున సఫిల్‌గూడ చెరువు ప్రక్క వీధులలో నేర్చుకొంటిమి. కట్టమైసమ్మ గుడికి వచ్చు స్త్రీలు నిలిచి చూచెడివారు. ఒకావిడ మేము మూడుమార్లు ఆగిపోవుట చూచి, "ఓ అక్కా, పెట్రోలు తాళం తెరిచినవా?" అని అడిగెను. తెరవలేదు. ఆమె తండ్రికి నట్టి బండియే ఉండెడిదట!

రెండవ నెలలో మా వారు మాయందు దయతలచి పెట్రోలు పోయించుకొని వచ్చిరి. నూనె మాట మరచిరి. మేమును అడుగలేదు. సైనికుపురి దారిలో ఇంజను స్వరము సన్నబడి, వెనుక చక్రము ఒక్కసారిగా పట్టుకొనెను. క్లచ్చు నొక్కవలెనను బుద్ధి ఆ క్షణమున ఎట్లు పుట్టెనో తెలియదు. నొక్కగా చక్రము విడివడి, బండి ప్రక్కకు జరిగి నిలిచెను. వెనుకనే వచ్చిన బస్సు హారను మ్రోగించుచు దాటిపోయెను. రోడ్డుప్రక్క రాతిపై చాలసేపు కూర్చుంటిమి. అన్నపు గిన్నె మూత మాత్రము ఊడలేదు.

పిస్టను గీరుకుపోయెను. సిలిండరును బోరు చేయించి, రాణీగంజి విడిభాగముల అంగళ్లలో వెదకి పిస్టనును, రింగులను తెచ్చితిమి. మూట కట్టినదంతయు ఖర్చయ్యెను. మా వారు వారము దినములు మాటాడలేదు; ఆ తరువాత నూనెసీసామీద తామే సిరాతో గీతలు గీచి యిచ్చిరి.

నేడు ప్రతి ఆదివారమును అరగంట దానికే. ప్లగ్గు విప్పి మసి తుడిచి చూతుము: ఇటుక రంగున నున్నచో ఆరోగ్యము, నల్లగా తడిగా నున్నచో నూనె హెచ్చు, తెల్లగా నున్నచో వేడి హెచ్చు. చిన్న చక్రములు కావున గాలి తక్కువైన బండి వణకును. క్లచ్చు తీగెకు చుక్క నూనె. ఇల్లు చేరగానే పెట్రోలు తాళము మూయుట. ఒక దోషము మాత్రము దాచము. దీనిలో కాలని పెట్రోలు కొంత పొగతో పోవును. అందుచేతనే 2000 సంవత్సరమునుండి కఠినమైన పొగ నిబంధనలకు ఇట్టి ఇంజన్లు క్రమముగా తగ్గినవి. పొగ ధ్రువపత్రము గడువు తప్పనీయము. మౌలాలి గుట్టకో, రాణీగంజికో విలాసముగా పోవుటకు దీనిని తీయము. అమ్మయింటికే.

నిన్న అమ్మ చేతికఱ్ఱతో గుమ్మమువరకు నడచి వచ్చినది. బండిని చూచి, "ముందు కూర్చుంటే దారి బాగ కనిపిస్తదేమో," అనెను. డాక్టరుగారు ఇంకను రెండు నెలలు ఆగుమనిరి. వెనుక సీటు పరుపు చిరిగియున్నది, దానిని కుట్టించవలెను.