హార్ట్‌ఫర్డ్‌లో ఒక వెస్టిండీస్

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, బ్రాడ్లీ విమానాశ్రయం నుంచి హార్ట్‌ఫర్డ్ వచ్చేటప్పుడు, విండ్సర్ చుట్టుపక్కల పొడవాటి చెక్క షెడ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ప్రకాశం జిల్లా రైతును తీసుకొస్తే చూడగానే పోల్చుకుంటాడు, ఇవి పొగాకు ఆరబెట్టేవని. అయితే మన బ్యారన్‌లో ఆకు వారం తిరిగేలోగా పండుతుంది. ఇక్కడ గోడ పలకలు తెరుస్తూ మూస్తూ, కావలసినప్పుడు సెగ పెడుతూ వారాల తరబడి ఆరబెడతారు. ఇది చుట్టకు పైన చుట్టే ఆకు. చిన్న చిల్లు పడ్డా ధర పోయినట్టే. అందుకే 1900 ప్రాంతం నుంచి ఈ కనెక్టికట్ లోయ రైతులు చేలమీద పలచని గుడ్డ పందిళ్ళు వేశారు.

ఆ పందిళ్ళ కిందికి జమైకన్లను రప్పించింది రెండో ప్రపంచ యుద్ధం. కుర్రాళ్ళు సైన్యంలోకి, మిగిలినవాళ్ళు ఆయుధాల ఫ్యాక్టరీల్లోకి పోవడంతో ఆకు కోసే చేతులకు కరువొచ్చింది. దక్షిణాది నల్లజాతి విద్యార్థులు వేసవి సెలవుల్లో వచ్చేవారు. 1944లో సిమ్స్‌బరీ పొలాల్లో పనిచేసిన పదిహేనేళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ వాళ్ళలో ఒకడు. అదీ చాలలేదు. 1943లోనే బ్రిటిష్ పాలనలోని జమైకాతో ఒప్పందం కుదిరింది. కాంట్రాక్టు తీరగానే వెళ్ళిపోవాలన్నది షరతు.

అందరూ వెళ్ళలేదు. ఇక్కడే పెళ్ళిళ్ళు చేసుకుని స్థిరపడ్డవాళ్ళు ఉన్నారు. 1950లో వెస్టిండియన్ సోషల్ క్లబ్ వెలిసింది ఆ తరం చలవతోనే. నగరం ఉత్తరపు కొసన, మెయిన్ స్ట్రీట్ 3340లో అది నేటికీ నడుస్తోంది.

మేం వెళ్ళిన సాయంత్రం అక్కడ డామినోల హోరు. జమైకన్లు రాయిని బల్లమీద పెట్టరు, ఫెళ్ళున కొడతారు. ఇద్దరిద్దరు జంటగా నలుగురి ఆట. ఒక జంట వరసగా ఆరు ఆటలు గెలిస్తే దాన్ని ‘సిక్స్ లవ్’ అంటారు. ఓడినవాళ్ళకు ఆ మాట చాన్నాళ్ళు వినక తప్పదు. పక్కన పళ్ళాల్లో మేక మాంసం కూర. పసుపు ఘాటు మనదే, థైమ్ ఆకు, స్కాచ్ బానెట్ మిరప మాత్రం వాళ్ళవి. కరీబియన్‌కు ఈ కూరను తెచ్చింది 1838 తర్వాత చెరకు తోటలకు వెళ్ళిన భారతీయ కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు.

1952 నాటి అమెరికా వలస చట్టం ఒక్కో వలస రాజ్యానికి ఏడాదికి వంద వీసాలే అంది. కొత్తవాళ్ళ రాక సన్నగిల్లింది. అటు కరీబియన్‌లో బ్రిటిష్ పాలనలోని పలు దీవులు కలిసి ఒకే దేశం కావాలని 1958లో ఫెడరేషన్ పెట్టుకున్నాయి. జమైకా ప్రజలు 1961లో వద్దని ఓటేశారు. 1962 మే 31తో ఆ ముచ్చట ముగిసింది. ఆగస్టు 6న జమైకా, 31న ట్రినిడాడ్ ఎవరి జెండా వాళ్ళు ఎగరేసుకున్నాయి. హార్ట్‌ఫర్డ్‌లో మాత్రం స్వాతంత్ర్య సంబరాలు అందరివీ కలిపే జరిగాయి. ప్రధానమంత్రులు ఐదేళ్ళయినా నిలపలేనిదాన్ని పొగాకు కూలీలు డెబ్బై ఏళ్ళకు పైగా నిలిపారు.

1965 చట్టంతో తలుపులు తెరుచుకున్నాక జనం పెరిగారు. ఒక్కో దీవి పేరుతో వేరే సంఘాలూ పుట్టాయి. అమెరికా తెలుగు సంఘాలైన తానా, ఆటాల సంగతి తెలిసినవాళ్ళకు ఇందులో వింతేం లేదు.

మాది హైదరాబాద్ అనగానే ఒక పెద్దాయన రాయి కిందపెట్టి ‘గిల్‌క్రిస్ట్!’ అన్నాడు. జమైకా ఫాస్ట్ బౌలర్ రాయ్ గిల్‌క్రిస్ట్ 1962-63లో హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. అంతకుముందు వెస్టిండీస్ జట్టు 1958-59 భారత పర్యటనలో నేరుగా తలమీదికి బంతులేస్తున్నాడని కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్ అతన్ని మధ్యలోనే ఇంటికి పంపేశాడు. అలెగ్జాండర్ కూడా జమైకావాడే. అలా పంపడం న్యాయమా కాదా అని బల్ల రెండు పక్షాలైంది. ఆట ఆగింది గానీ అరుపులు ఆగలేదు.