బండికి బుర్ర వచ్చింది సరే, తాళం ఎవరి చేతిలో?

మా బండారులంకలో ఒక బండి మంచిదా కాదా అని తేల్చేది అమలాపురం రోడ్డు కాదు. ఆ రోడ్డు మీద ఏ బండైనా పరిగెడుతుంది. అసలు పరీక్ష వానాకాలంలో కాలవగట్టు మీద. గోదారి తెచ్చి పోసిన ఒండ్రుమట్టి మాది. ఎండాకాలం పొడిపొడిగా ఉంటుంది. రెండు వానలు పడ్డాయంటే టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ముద్దలా పేరుకుపోయి చక్రాన్ని పట్టేస్తుంది. వెనక చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ముందు చక్రం తన దారిన తను జారిపోతుంది. వెనక చీరల మూటో, కొబ్బరికాయల బస్తానో ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

అందుకే రెండు చక్రాలకీ పవర్ అందే మోటార్‌సైకిల్ వీడియో ఒకటి ఫోన్లో కనబడగానే మా ఊరి మెకానిక్ బాబాయ్‌కి చూపించాను. ఇరవయ్యేళ్లుగా స్ప్లెండర్లు విప్పి బిగిస్తున్న మనిషి. రెండు నిమిషాలు చూసి ఒకే ప్రశ్న వేశాడు. "ముందు చక్రానికి కూడా చైను వేశారు సరే. హ్యాండిల్ తిప్పితే ఆ చైను ఏమైపోద్దిరా?"

రెండు చక్రాల డ్రైవ్ చరిత్ర అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

అమెరికాలో రోకాన్ అనే బండి 1960ల నుంచీ ఉంది. చైన్లు, గేర్లు, షాఫ్టులతో ముందు చక్రానికి కూడా ఇంజన్ బలాన్ని అందిస్తారు. వేగం తక్కువే, కానీ అడవిలో, బురదలో ఆగదు. దాని చక్రాలు లోపల బోలుగా ఉంటాయి. వాటిలో పెట్రోలో నీళ్లో నింపుకోవచ్చు. ఖాళీగా ఉంచితే బండి నీళ్ల మీద తేలుతుంది! ఎవరో మన లంకల్ని చూసి చేసినట్టే లేదూ? 2004 ప్రాంతంలో యమహా ఇంకో దారి పట్టింది. చైను బదులు గొట్టాల్లో ఆయిల్‌ని ఒత్తిడితో పంపి ముందు చక్రాన్ని తిప్పింది. గొట్టం వంగుతుంది కాబట్టి హ్యాండిల్‌తో పేచీ లేదు. అయినా బరువు, ఖరీదు, విప్పి బిగించడంలో తలనొప్పి... అన్నీ కలిసి ఇలాంటి బళ్లు అందరి ఇళ్లకీ రాలేదు.

కరెంటు బండి వచ్చాక బాబాయ్ ప్రశ్నకి తేలికైన జవాబు దొరికింది. మోటారుని చక్రం మధ్యలోనే పెట్టేస్తే చైనూ వద్దు, షాఫ్టూ వద్దు. ముందు చక్రానికి వెళ్లేది వైర్లే. వైరు ఎటైనా వంగుతుంది. న్యూజిలాండ్ కంపెనీ ఉబ్కో పొలాల్లో తిరిగే రైతుల కోసం ఇలాగే రెండు చక్రాల్లో రెండు మోటార్లు పెట్టి బండి చేసింది. ఇంకో లాభం కూడా ఉంది. బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి పడుతుంది కదా, ముందు చక్రంలో మోటారు ఉంటే ఆ ఊపులోంచి ఎక్కువ కరెంటుని తిరిగి బ్యాటరీలోకి తీసుకోవచ్చు. నష్టం కూడా చెప్పుకోవాలి. చక్రంలోనే అంత బరువుంటే గుంతల్లో దెబ్బ గట్టిగా తగులుతుంది.

మన వైపు షోరూముల్లో అలాంటి బండి నాకైతే ఎక్కడా కనబడలేదు. కానీ అందులోని తెలివితేటలు కొన్ని, ఒక్క వెనక చక్రంతో నడిచే మన కరెంటు బళ్లలోకి అప్పుడే వచ్చేశాయి. ట్రాక్షన్ కంట్రోల్ సంగతే చూడండి. రెండు చక్రాల దగ్గరా సెన్సర్లుంటాయి. ముందు చక్రం కన్నా వెనక చక్రం జోరుగా తిరుగుతోందంటే అది జారుతోందని లెక్క. వెంటనే కంట్రోలర్ మోటారుకి కరెంటు తగ్గిస్తుంది. మనం కంగారుపడే లోపే, సెకనులో చిన్న ముక్కలో ఆ పని అయిపోతుంది. బెంగళూరు కంపెనీ ఏథర్ 2025లో 450 బళ్లకి దీన్ని వాన, రోడ్డు, కచ్చా దారి అని మూడు రకాలుగా ఇచ్చింది. అదే ఊరి అల్ట్రావయొలెట్ తన ఎఫ్77 మోటార్‌సైకిల్లోనూ పెట్టింది. మనవాళ్లూ ఈ రంగంలో ఉన్నారు. ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన ప్యూర్ ఈవీ, చక్రంలోనే మోటారు పెట్టిన క్వాంటా బండి తెచ్చిన గ్రావ్టన్, రెండూ హైదరాబాద్ కంపెనీలే.

నాకు బాగా నచ్చింది మాత్రం రివర్స్. నవ్వకండి. మాది నేతగాళ్ల ఊరు. ఇరుకు వీధిలో పడుగు పరిచి సరిచేస్తుంటే ముందుకు వెళ్లడం కుదరదు, మూటలతో ఉన్న బండిని చేతులతో వెనక్కి లాగడం నడుం విరిగే పని. ఒక బటన్ నొక్కితే చప్పుడు లేకుండా అదే వెనక్కి వస్తుంది. పొగ రాదు, పడుగు మీద మసి పడదు.

డబ్బు లెక్క కూడా చిన్నదే. మూడు కిలోవాట్ అవర్ల బ్యాటరీ నిండా ఎక్కాలంటే ఇంచుమించు మూడు యూనిట్లు, చార్జర్‌లో పోయేది ఇంకొంచెం. యూనిట్ ఆరు రూపాయలనుకున్నా ఇరవై చిల్లర. ఎకరువు దిగువల్లేని కోనసీమ నేల మీద నెమ్మదిగా నడిపితే వంద కిలోమీటర్ల దగ్గరకి వస్తుంది. లీటరుకి యాభై ఇచ్చే పెట్రోలు బండికి అదే దూరం రెండు వందలు దాటుతుంది. రోజూ అమలాపురం వెళ్లొచ్చే వాళ్లకి ఇది చిన్న తేడా కాదు.

ఇంతవరకూ అంతా బాగుంది. ఇక్కడ మా పెదనాన్నగారి అబ్బాయి సంగతి చెప్పాలి.

అన్నయ్య చీరల మూటలు కొట్లకి వేస్తాడు. పెద్ద స్క్రీన్ ఉన్న స్కూటర్ కొన్నాడు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పెళ్లిళ్ల సీజన్లో ఒక రాత్రి దానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. పొద్దున్న లేచి చూస్తే స్క్రీన్ మీద ఒక గుండ్రం తిరుగుతూనే ఉంది. బండి కదలదు. బ్యాటరీ నిండుగా ఉంది, మోటారు బాగుంది, వైరు ఒక్కటీ తెగలేదు. మెకానిక్ బాబాయ్ వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "ఇంజన్ అయితే చెవితో చెప్తానండీ. ఇదేమో పాస్‌వర్డ్ అడుగుతోంది" అన్నాడు. చివరికి దాన్ని ట్రాలీ ఆటో ఎక్కించి, అరవై కిలోమీటర్ల పైన ఉన్న సర్వీస్ సెంటర్‌కి పంపాం. అక్కడ కుర్రాడు లాప్‌టాప్ పెట్టి పది నిమిషాల్లో బాగుచేశాడట. ఆ పది నిమిషాల కోసం ఆరు రోజులు, రెండు ఆటో కిరాయిలు, చేజారిన ఒక ఆర్డరు.

అప్పట్నుంచీ నా బుర్రలో ఒకటే ఆలోచన. కంప్యూటర్‌తో నడిచే యంత్రం మా ఊరికి కొత్తేమీ కాదు. మగ్గం మీద జాకార్డు ఉంది కదా! 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జాకార్డ్ తయారుచేసిన పద్ధతి అది. అట్టలకి చిల్లులుంటాయి. చిల్లు ఉన్నచోట ఒక దారం లేస్తుంది, లేనిచోట లేవదు. అంచు మీద నెమలి రావాలా, మామిడిపిందె రావాలా అన్నది ఆ అట్టలు చెబుతాయి. తర్వాతి కాలంలో కంప్యూటర్లకి చిల్లుల కార్డులు వాడడానికి దారి చూపించింది ఇదే. అంటే సాఫ్ట్‌వేర్‌కి తాతగారు.

తేడా ఒక్కటే. ఆ సాఫ్ట్‌వేర్ కంటికి కనబడుతుంది. అట్ట చిరిగితే నాన్నగారు ఇంకో అట్ట కొట్టించి, దారంతో కుట్టి, సాయంత్రానికి మళ్లీ నేత మొదలుపెడతారు. అట్టలు అమ్మినవాడి అనుమతి అక్కర్లేదు. బండిలోని సాఫ్ట్‌వేర్ అలా కాదు. బండి నాది, వాయిదాలు నావి, లోపల ఏం జరుగుతోందో చూసే తాళం మాత్రం నా దగ్గర లేదు, మా బాబాయ్ దగ్గరా లేదు.

కంపెనీల వైపు నుంచీ ఒక మాట ఉంది, అది వినాల్సిందే. 2022 ఏప్రిల్లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఆ తర్వాతే కేంద్రం ఏఐఎస్-156 బ్యాటరీ నిబంధనల్ని గట్టి చేసి, 2022 డిసెంబరు, 2023 మార్చి అని రెండు దశల్లో అమల్లోకి తెచ్చింది. బ్యాటరీ ప్యాక్ లోపల ఒక్కో సెల్ వేడినీ, వోల్టేజీనీ కనిపెట్టుకుని ఉండే చిన్న కంప్యూటర్ ఉంటుంది. దాన్ని ఎవరు పడితే వాళ్లు విప్పకూడదు. ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీకి సీలు వేయడం వేరు, బండి ఎందుకు ఆగిందో చెప్పే కోడ్‌ని కూడా దాచడం వేరు. మొదటిది ప్రాణం కోసం. రెండోదానివల్ల ఊళ్లో మెకానిక్ పొట్ట కొట్టడం తప్ప నాకు వేరే లాభం కనబడట్లేదు.

ఇది మా ఒక్కరి గోల కాదు. రిపేరు చేసుకునే హక్కు కోసం ప్రపంచమంతా అడుగుతున్నారు. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీని మీద కమిటీ వేసింది. ఫోన్లు, ఇంట్లో వస్తువులు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాల్నీ ఆ జాబితాలో పెట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా తెచ్చింది.

మా దగ్గర ఈ హక్కు విలువ ఇంకొంచెం ఎక్కువ. కమిటీ వేసిన ఆ జులైలోనే ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి, లంకలు మునిగాయి. 1996 నవంబరు తుపాను రోజుల గురించి మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు, చెట్లూ స్తంభాలూ కలిసి పడిపోయి ఎన్నాళ్లు చీకట్లో ఉన్నారో. అలాంటప్పుడు పెట్రోలు డబ్బాని పడవలో తెచ్చుకోవచ్చు. కరెంటుని తేలేం. ఊడదీసే బ్యాటరీ అయితే దాన్నే పడవలో పట్టుకెళ్లి చార్జింగ్ పెట్టుకోవచ్చు. ఐపీ67 అని ప్రకటనల్లో ఊదరగొట్టేది కూడా అర్థం చేసుకోండి. మీటరు లోతు నిలవ నీళ్లలో అరగంట ఉంచి చేసే పరీక్ష అది. పారే వరదలోకి దిగమని ఇచ్చిన లైసెన్సు కాదు.

ఇవన్నీ లెక్కేసుకుని నాన్నగారికి కరెంటు బండే కొన్నాం. స్క్రీన్ చిన్నది. మామూలు తాళంచెవి ఉంది. బ్యాటరీ బయటికి వస్తుంది. సర్వీసు అమలాపురంలోనే. పాత స్ప్లెండర్ని అమ్మలేదు, అది వరదల కోసం.

మీరూ కొనబోతుంటే టాప్ స్పీడ్ గురించి తర్వాత అడుగుదురుగాని. ముందు షోరూములో ఈ నాలుగూ అడగండి. ఫోన్ పోయినా, నెట్ లేకపోయినా బండి స్టార్ట్ అవుతుందా? రివర్స్, మ్యాప్ లాంటివి బండి ధరలోనే ఉన్నాయా, వేరే ప్యాక్ కొనాలా? అప్‌డేట్‌ని నేను వద్దనుకున్న రోజున ఆపుకోవచ్చా? ఆగిపోతే లాప్‌టాప్ పట్టుకుని మా ఊరికి వచ్చే మనిషి ఎవరు?

ఆ ఆఖరి ప్రశ్నకి జవాబు మీలోనే ఒకరు కావచ్చు. ఐటీఐల్లో ఇప్పుడు మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే ట్రేడు ఉంది. చెవితో ఇంజన్ జబ్బు చెప్పే బాబాయ్ పక్కన, స్క్రీన్ చూసి మోటారు జబ్బు చెప్పే కుర్రాడో అమ్మాయో ఊరికొకరు ఉంటే చాలు. అన్నయ్య బండి ట్రాలీ ఆటో ఎక్కేది కాదు.